కాలువ గట్టు మీద భక్తి

ఆదివారం దేవుడికి, సోమవారం నుంచి జీతానికి అన్న లెక్క మన క్రైస్తవ కుటుంబాల్లో బాగా పాతుకుపోయింది. ఒంగోలు చరిత్ర చదివితే ఆ లెక్క నిలవదు.

1876-78 ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, ఆకలితో ఉన్నవారికి పని చూపించడానికి బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. వయసులో ఉండగా అమెరికాలో భూములు సర్వే చేసిన మనిషి. ఆ విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. వాక్యం చెప్పే బోధకులే మేస్త్రీలై పని చూశారు. పలుగు, పార, నెత్తిన మట్టి తట్ట, చేసిన పనికి కూలి. పనికి వచ్చినవారిలో ఎందరో మాదిగలు. అంటరానివారని ఊరు దూరం పెట్టిన మనుషులకు ఆ కూలి న్యాయంగా చేతికందడమే పెద్ద సాక్ష్యం.

కరువు పనులు సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఈ అంకెనే తలుచుకుంటారు. కాలువ పనికీ అంత చోటు దక్కాలి, అదీ దేవుని సేవే కనుక.

యేసు వడ్రంగి, పౌలు డేరాలు కుట్టాడు. అయినా సువార్తకు వెళ్లేవారి తలపై చేతులుంచి ప్రార్థించే సంఘం, నైట్ డ్యూటీకి వెళ్లే నర్సును, బస్సు నడిపే డ్రైవరును అలా పంపదు. జూన్‌లో బడులు తెరిచే ముందు ఆదివారం టీచర్లను ముందుకు పిలిచి, వాళ్ల పాఠాల కోసం ప్రార్థించడంతో ఆ లోటు తీర్చడం మొదలుపెట్టవచ్చు.