ఒక్క రాత్రి, ఒంటరిగా

ఆడవాళ్ళు ఒక్కరే వెళ్ళి టెంటు వేసుకుని పడుకుంటామంటే, మనవాళ్ళు ముందు అడిగేది "ఇంట్లో ఏమన్నా గొడవైందా?" అనే. మగవాళ్ళు బైకేసుకుని లంబసింగి పోతే సరదా, మనం పోతే అలక! పాముల కంటే, చలి కంటే ముందు మనకి అడ్డుపడేది ఈ ప్రశ్నే.

ఒకసారి లెక్క వేసుకోండి. చుట్టూ ఇంకో మనిషి లేకుండా మీరు నిద్రపోయిన రాత్రులు ఎన్ని? పుట్టింట్లో అక్కచెల్లెళ్ళ పక్కన, హాస్టల్లో స్నేహితురాళ్ళతో, ఆ తర్వాత భర్త, పిల్లలు. నా మటుకు నాకు నలభై దాటేదాకా అలాంటి రాత్రి ఒక్కటీ లేదు. పిల్లలు ఎలాగూ చదువులకి వెళ్ళిపోతారు. ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు ఖాళీ అవుతుంది. ఆ ఒంటరితనం వచ్చి మీద పడకముందే, మనంతట మనమే దాన్ని కాస్త అలవాటు చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. అందుకు క్యాంపింగ్ చక్కటి దారి.

అలాగని మొదటిసారే మారేడుమిల్లి అడవికి బయల్దేరమనను. మొదటి మెట్టు మన మేడ మీదే. ఇద్దరు పట్టే చిన్న టెంటు కొని, పగలు రెండు మూడుసార్లు వేసి, విప్పి, మడిచి చూడండి. టార్చి వెలుగులో కూడా వేయడం వచ్చాక ఒక రాత్రి అందులోనే పడుకోండి. నిద్ర పట్టకపోతే కిందికి దిగి వచ్చేయొచ్చు. ఒట్టి చాప మీద పడుకుంటే నేల చలి నడుముకి తగులుతుందని, గాలి ఆడకపోతే తెల్లారేసరికి టెంటు లోపల చెమ్మగిల్లుతుందని అక్కడే తెలిసిపోతుంది.

రెండో మెట్టు, పిలిస్తే పలికే మనుషులున్న చోటు. హైదరాబాదు వాళ్ళకి వికారాబాద్ దగ్గరి అనంతగిరి, కడప వైపు వాళ్ళకి గండికోట. ఆడవాళ్ళకి బాత్రూము, రాత్రి కాపలా ఉన్నాయో లేదో ముందే ఫోన్‌లో కనుక్కోండి. గండికోట లాంటి రాతినేలలో మేకులు దిగవు, తాళ్ళు బరువైన రాళ్ళకి కట్టుకోవాలి. లోయ అంచుకి బాగా దూరంగా వేసుకోవాలి. వానాకాలం వద్దు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. జిప్పు ఎప్పుడూ మూసే ఉంచండి, పొద్దున చెప్పులు దులిపి వేసుకోండి. ఎక్కడున్నారో ఇంట్లో ఒకరికి చెప్పండి, అత్యవసరమైతే 112 ఉంది. వాట్సాప్ స్టేటస్ మాత్రం ఇంటికొచ్చాకే. ఇవన్నీ అలవాటయ్యాక అడవి సంగతి చూడొచ్చు. అదీ అటవీశాఖ అనుమతి ఉన్న చోటే.

ఇంకొక్క మాట. మొదటిసారి స్టవ్వు మోసుకెళ్ళకండి. పులిహోర, నాలుగు అరటిపళ్ళు, నీళ్ళు చాలు. అలాగే ఇంట్లోవాళ్ళకి రెండు రోజుల కూరలు వండి, ఫ్రిజ్‌లో సర్ది, ఏ గిన్నెలో ఏముందో చీటీలు అంటించి మరీ బయల్దేరకండి. అది సెలవు కాదు, ముందే చేసేసిన చాకిరీ. కుక్కరు ఎలా పెట్టాలో వాళ్ళూ నేర్చుకోనివ్వండి. మనకి టెంటు వేయడం వచ్చినప్పుడు వాళ్ళకి అన్నం వండుకోవడం రాకపోతుందా?