వెన్నుపాము దెబ్బతిన్నవారికి సూది కన్నా ముందు కావలసింది

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

మన దేశంలో వెన్నుపాము గాయాలకు ముఖ్య కారణాలు రెండు: ఎత్తు మీది నుంచి పడటం, రోడ్డు ప్రమాదం. మా పడమటి కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి బెంగళూరుకు కట్టడం పనులకూ గుంటూరుకు మిరప కోతలకూ వలసపోయే కుటుంబాలకు ఈ రెండు అపాయాలూ బతుకుదెరువుతోపాటే వస్తాయి. అలా నడుము కింద చచ్చుబడిన మనిషికి మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తే లేచి నడుస్తాడని ఎవరైనా చెబితే, ఇంటివాళ్ళు పొలం అమ్మడానికైనా వెనుకాడరు. ఆ చికిత్సను సొమ్ముకు అమ్మడం ఆపించండి. అంతకన్నా ముందు, అది కొనక్కర్లేని పరిస్థితి ఆదోనిలోనే కల్పించండి.

మూలకణాల మీద ఆశ వట్టిది కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ పదిమందికి వాళ్ళ కొవ్వు నుంచే కణాలు తీసి, పెంచి, నడుము దగ్గర వెన్ను ద్రవంలోకి ఎక్కించింది. 2024లో వెలువడిన ఆ ఫలితాల్లో ఏడుగురికి స్పర్శలోనో కదలికలోనో మెరుగు కనిపించింది. తలనొప్పి, ఒళ్ళునొప్పులే తప్ప పెద్ద హాని జరగలేదు. జపాన్ 2018లో ఇలాంటి చికిత్సకు షరతులతో అనుమతి ఇచ్చింది. దానికి ఆధారం పదముగ్గురు రోగులు. అయితే రెండుచోట్లా కణాలు ఎక్కించనివారితో పోల్చి చూడలేదు. గాయమైన తొలి నెలల్లో కొందరు తమంతట తామే కొంత కోలుకుంటారు కాబట్టి, ఆ మెరుగులో సూది పాలెంతో ఇంకా తేలలేదు. హాని కూడా వెంటనే బయటపడదు. ముక్కు లోపలి పొర కణాలు వెన్నుపాములో పెట్టించుకున్న ఒక యువతికి ఎనిమిదేళ్ళ తర్వాత అక్కడే గడ్డ పెరిగి, శస్త్రచికిత్స చేయాల్సి వచ్చిందని 2014లో వైద్యులు ప్రకటించారు. అందుకే మన జాతీయ మార్గదర్శకాలు (2017) మూలకణ చికిత్సను కొన్ని రక్తవ్యాధుల వంటి ఆమోదిత జబ్బులకే పరిమితం చేశాయి. మిగతాదంతా అనుమతి పొందిన పరిశోధనగానే జరగాలి. అందులో చేరేవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

“ఎలాగూ కాళ్ళు పడిపోయాయి, ఇంక పోయేదేముంది?” అని అడగవచ్చు. చాలా ఉంది. మిగిలిన స్పర్శ ఉంది, చేతుల బలం ఉంది, పిల్లల చదువుకు దాచిన సొమ్ము ఉంది. ఒకసారి ఎక్కడో కణాలు ఎక్కించుకున్నవారిని రేపు రాబోయే మంచి పరిశోధనలు చేర్చుకోకపోవచ్చు కూడా. నిషేధిస్తే ఆశను చంపినట్టేనని మరొక వాదన. నిషేధంతోనే ఊరుకుంటే అది నిజమే. వెన్నుపాము దెబ్బతిన్నవారిని కుంగదీసేది నడవలేకపోవడం ఒక్కటే కాదు. పడక పుండ్లు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు ప్రాణం మీదికి తెస్తాయి, కీళ్ళు బిగుసుకుపోతాయి. వీటిని ఆపే పద్ధతులు రుజువైనవి, ఖర్చు తక్కువవి: ఒత్తిడి పడే చోటును తరచూ మార్చడం, వేళకు శుభ్రంగా గొట్టంతో మూత్రం తీసుకోవడం, వ్యాయామం, సరిపోయే చక్రాల కుర్చీ. ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద మంచానికో కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయలు ఇవ్వడం గొప్ప ఆసరా. కానీ పింఛను ఈ విద్యలు నేర్పదు. నేర్పేవాళ్ళ కోసం కూర్చోలేని మనిషిని వంద కిలోమీటర్ల దూరం కర్నూలుకు మాటిమాటికీ తీసుకుపోవడం ఏ కూలి కుటుంబానికీ అయ్యే పని కాదు.

కాబట్టి ఆదోని ప్రభుత్వ ఆసుపత్రిలో వెన్నుపాము పునరావాస విభాగం తెరవండి. ఒక ఫిజియోథెరపిస్టు, శిక్షణ పొందిన నర్సు, గొట్టాలు, పరుపులు ఉంటే మొదలుపెట్టవచ్చు. అనుమతి పొందిన పరిశోధనలేవో, వాటిలో ఎలా చేరాలో తెలుగులో చెప్పే బాధ్యతా ఆ విభాగానికే అప్పగించండి. డబ్బు పుచ్చుకుని కణాలు ఎక్కించేవారిపై చర్యా అప్పుడే నిలబడుతుంది; వద్దన్న ప్రభుత్వం చేతుల్లో ఇవ్వడానికి మరొకటి ఉంటుంది గనుక.

ఇట్లు,
పడమటి కర్నూలు పౌరుడు