ఇంకొంచెం తినమ్మా



ఈ నెల మా తప్పు ఒకటి ఒప్పుకొని ఉత్తరము మొదలుపెట్టుచున్నాము. 2013 క్రిస్మస్ ప్రేమవిందులో జరిగిన సంగతి ఇది. మా సంఘములో పెరిగి, నర్సు చదువు చదివి, ఇంగ్లాండులో ఉద్యోగము చేయుచున్న ఒక సహోదరి ఆ ఏడు సెలవు మీద ఊరికి వచ్చినది. చిన్ననాటి నుండి భారీ శరీరము. ఈసారి చూస్తే గుర్తుపట్టలేనంత తగ్గినది. "ఏమైందే తల్లీ, ఏం జబ్బు చేసింది?" అని పెద్దమ్మలందరు చుట్టూ చేరారు. ఆమె నవ్వి ఊరుకున్నది.

పంక్తిలో కూర్చున్నప్పుడు చూస్తే ఆమె విస్తరిలో నాలుగు ముద్దల అన్నము కూడ లేదు. మా ఇంటివారు ప్రేమకొద్దీ, "ఇంకొంచెం తినమ్మా, అక్కడ నీకెవరు పెడతారు" అని గరిటెడు పలావు, రెండు మాంసము ముక్కలు వేశారు. మేమును ప్రక్కన నిలువబడి, "అమ్మగారు వడ్డించింది వద్దనకూడదు" అన్నాము. ఆ బిడ్డ మా మాట తీసివేయలేక తిన్నది. రెండు నిమిషములు గడిచాయో లేదో, రొమ్ము పట్టుకొని, నోటినిండ నురుగులాంటి ఉమ్మి ఊరుచుండగా మందిరము వెనుకకు పరుగెత్తినది.

ఆ సాయంకాలము మా వరండాలో కూర్చొని ఆమె మాకు సంగతి చెప్పినది. "అయ్యగారూ, నా కడుపు కోయలేదండీ, కట్టారు" అన్నది.

2012లో అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ద్వారా ఆమెకు గ్యాస్ట్రిక్ బ్యాండు శస్త్రచికిత్స జరిగినదట. అప్పటికి ఆమె బరువు 118 కిలోలు. చక్కెర వ్యాధి వచ్చినది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి లేచేది. మోకాళ్లు పట్టివేసి వార్డులో రాత్రి డ్యూటీ చేయలేకపోయేది. అందము కోసము చేయించుకున్నదని ఊరిలో అన్నవారు ఉన్నారు గనుక ఇది వ్రాయుచున్నాము.

ఆ బ్యాండు అనగా సిలికాన్‌తో చేసిన మెత్తని పట్టీ. కడుపు పైభాగమున ఉంగరము వలె చుట్టుతారు. దాని పైన చిన్న సంచి వంటి భాగము మాత్రమే మిగులును, అందులో రెండు మూడు చెంచాలు పట్టును, అంతే. ఆ పట్టీ నుండి సన్నని గొట్టము వచ్చి చర్మము క్రింద అమర్చిన బిళ్లకు కలియును. డాక్టరు ఆ బిళ్లలోనికి సూదితో ఉప్పునీరు ఎక్కిస్తే పట్టీ బిగియును, తీస్తే సడలును. 1980లలో అమెరికాలో కుజ్మాక్ అను శస్త్రవైద్యుడు ఇటువంటి సర్దుబాటు పట్టీని వాడుకలోనికి తెచ్చారు. 1993లో బెల్జియములో, ఇథియోపియాలో పుట్టిన బెలాచ్యూ అను వైద్యుడు పొట్టను పెద్దగా కోయకుండ చిన్న రంధ్రముల గుండా దానిని అమర్చారు.

ఆపరేషను చిన్నదే, మరునాడే ఇంటికి పంపారు. అయితే కోలుకొనుట చిన్నది కాదు. పొట్టలోనికి ఎక్కించిన గాలి వలన భుజము నొప్పి కొన్ని దినములు ఉన్నది. మొదటి రెండు వారములు నీళ్లవంటివే, అవి కూడ గుక్కెడు గుక్కెడు. తరువాత మెత్తగా మెదిపినవి, ఆ తరువాత మెత్తనివి. ఆరు వారములకు గాని మామూలు ఆహారము లేదు. "మన ఊరిలోనైతే పలుచని మజ్జిగ, పప్పుకట్టు, తరువాత మెదిపిన పప్పు, ముల్లు తీసిన చేప అనుకోండి" అన్నది. ఆ తరువాత కూడ ప్రతి ముద్ద 20 సార్లు నమిలి, మ్రింగి, కొంచెము ఆగి, మరొకటి. అన్నముతోపాటు నీళ్లు త్రాగరాదు. పీచు మాంసము, మెత్తని రొట్టె, ముద్దకట్టే అన్నము పట్టీ దగ్గర ఇరుక్కొనును. ఇరుక్కొంటే ఏమగునో మా మందిరము వెనుక మేము చూశాము. ఆమెకు ప్రభువు బల్లలో ఇచ్చు రొట్టె ముక్క కూడ భయమే. అందుకే ఆ ఆదివారము గోరంత ముక్క తుంచుకున్నదట, మేము గమనింపలేదు.

అప్పుడు మాకు మరియొక బాకీ జ్ఞాపకము వచ్చినది. 2009లో, ఆమె ఇంకా ఊరిలో ఉన్నప్పుడు, మొదటి సమూయేలు 4వ అధ్యాయములో ఏలీ స్థూలకాయుడై పడి చనిపోయిన సంగతి తీసుకొని తిండిపోతుతనము మీద గట్టిగా ప్రసంగించాము. జనము నవ్వారు. ఆమె స్త్రీల వైపు మూడవ వరుసలో కూర్చొని ఉన్నది. "ఆ దినము మీరు నన్ను చూసి చెప్పలేదని నాకు తెలుసు అయ్యగారూ, కానీ అందరూ నన్నే చూశారు" అన్నది. మేము ఆమెను క్షమాపణ అడిగాము. తండ్రి కూడ అటువంటి శరీరమే కలవాడు, మేనత్తలు ఇద్దరును అంతే. ఒంటి తత్వము కూడ కుటుంబములలో దిగివచ్చునని ఆ దినము మా ప్రసంగములో ఒక్క మాట లేదు.

సంఘ పెద్దలలో ఒకరు, "ప్రార్థన చాలకనా ఇవన్నీ?" అన్నారు. ఆయన రెండు కండ్లకును శుక్లముల ఆపరేషను చేయించుకున్నవారే. ఆ మాట మేము మెల్లగా గుర్తుచేశాము. హిజ్కియా రాజు పుండు మీద అంజూరపు ముద్ద కట్టమని చెప్పినది యెషయా ప్రవక్తయే గదా.

బరువు సంగతి. మెల్లమెల్లగా తగ్గి, ఏడాదిన్నరకు 118 నుండి 91కి వచ్చినది. ఆ తరువాత ముల్లు కదలలేదు. 2016లో తల్లి చనిపోయినది. ఆ యేడు తొమ్మిది కిలోలు తిరిగి వచ్చినవి. ఎట్లాగనగా, బ్యాండు గట్టి ఆహారమును ఆపునుగాని పాయసమును, ఐస్‌క్రీమును, తీపి పాలను ఆపలేదు, అవి జారిపోవును. రాత్రి డ్యూటీ నుండి ఒంటరి గదికి వచ్చి, గిన్నెడు సేమ్యా పాయసము చేసుకొని, అమ్మ చేసినట్టే చేసుకొని, మెల్లమెల్లగా గంటసేపు తినేదట. "డాక్టరు కడుపు కట్టాడు గాని దుఃఖము కట్టలేదండీ" అన్నది. ఆమెను తిరిగి నిలువబెట్టినది సూదితో ఎక్కించిన ఉప్పునీరు కాదు. అక్కడి ఆస్పత్రిలో ఆపరేషను అయినవారు నెలకొకసారి కూడుకొని సిగ్గుపడక మాట్లాడుకొను కూడిక ఒకటి ఉన్నదట. అటువంటిది మన స్త్రీల సమాజములో ఎందుకు లేదో మేము ఆలోచించుచున్నాము.

2019లో బ్యాండు స్థానము తప్పినది. రాత్రులు గొంతులోనికి పులుపు, దగ్గు, పచ్చి మంచినీళ్లు కూడ దిగకపోవుట. మొదట ఉప్పునీరు తీసివేశారు, తరువాత పట్టీనే తీసివేశారు. ఇది అరుదు కాదు. 2011లో అమెరికాలో బరువు తగ్గుటకు చేసిన ఆపరేషనులలో దాదాపు మూడవ వంతు బ్యాండువే. పదేండ్లు తిరిగేసరికి అవి నూటికి ఒకటి వరకు పడిపోయినవి. ఇప్పుడు ఎక్కువగా కడుపులో కొంత భాగము కోసి తీసివేయు స్లీవ్ పద్ధతి చేయుచున్నారు. మన పట్టణములలో కూడ చేయించుకొనువారు పెరుగుచున్నారు గనుక మీ ఇండ్లలో ఎవరైన ఉండవచ్చును. అట్టివారికి వాంతులు ఆగకపోయినా, ఉమ్మి కూడ మ్రింగలేకపోయినా, కడుపునొప్పి తీవ్రమైనా, జ్వరము వచ్చినా, ప్రార్థన చేయించుకొందుమని మా యొద్దకు మొదట రావద్దు. ఆస్పత్రికి వెళ్లి కబురు చేయండి, మేమే అక్కడికి వచ్చి ప్రార్థింతుము.

శ్రమల దినములలో ఉపవాసము సంగతి కూడ ఆమె అడిగినది. ఆపరేషను అయినవారు, చక్కెర మాత్రలు వేసుకొనువారు, డాక్టరును అడుగక ఉపవాసముండనక్కరలేదని చెప్పాము. కొందరికి ఇది నచ్చలేదు. యాయీరు కుమార్తెను లేపిన వెంటనే ఆమెకు తినుటకు ఏదైన పెట్టమని ప్రభువు చెప్పిన సంగతి మార్కు 5వ అధ్యాయములో ఉన్నది. ఎంత పెట్టారో వ్రాయబడలేదు. పన్నెండేండ్ల పిల్ల, అప్పుడే లేచినది, ఊరివారందరు చేరి విస్తరి నింపలేదని మా ఊహ.

గడచిన క్రిస్మస్‌కు ఆమె మరల వచ్చినది. ఇప్పుడు బ్యాండు లేదు, బరువు 97. చక్కెరకు మునుపు మూడు మాత్రలు, ఇప్పుడు ఒకటి. కడుపులో కట్టు లేకుండ చేతిని ఆపుకొనుట కష్టముగా ఉన్నదని, ప్రార్థించమని అడిగినది. ప్రేమవిందులో మా ఇంటివారు ఆమెకు విస్తరి వేయలేదు, మా మనుమరాలి చిన్న స్టీలు పళ్లెము తెచ్చి ముందు పెట్టారు. పప్పు, చేప, పిడికెడు అన్నము. ఆమె మెల్లగా నమిలి తిని, పళ్లెము ప్రక్కకు జరిపినది. మేము ఎదురుగా నిలువబడి ఉన్నాము. పాత మాట నోటిదాక వచ్చినది. ఆమె మా ముఖము చూసి, "అనండి అయ్యగారూ, నేను తిననులెండి" అని నవ్వినది.