ఒకరికి గుడ్డు, ఒకరికి బుడ్డలు

మా ఇంట్లో పిల్లలిద్దరికీ వేరువేరుగా వంట చేస్తామని ఇదివరలో ఈ పేజీలో ఒకసారి వ్రాసాము. అది చదివిన కొందరు తల్లులు, వారమంతా ఎలా నెట్టుకొస్తున్నారో కాస్త వివరంగా చెప్పమని అడిగారు. అందుకని నవంబరు మొదటి వారంలో, బుడ్డలు పెరికే రోజుల్లో, ఏ రోజు సంగతి ఆ రోజే నోటుబుక్కులో వ్రాసిపెట్టుకున్నాము. అందులోనుంచి కొన్ని ఇవి.

మాకు ఇద్దరు పిల్లలు. పాపకు ఆరేళ్ళు, ఒకటో తరగతి చదువుతోంది. దానికి వేరుశనగ పడదు. బాబుకు ఏడాదిన్నర. వాడికి కోడిగుడ్డు పడదు. గుడ్డు పాప ఇష్టంగా తింటుంది. బుడ్డలు బాబు ఇష్టంగా తింటాడు. ఇంకెక్కడైనా అయితే వేరుశనగ లేకుండా ఇల్లు నడపడం పెద్ద పని కాకపోవచ్చు. మాది అనంతపురం జిల్లా. ఇక్కడ చేలో బుడ్డలే, అటక మీద బుడ్డలే. సంగటిలోకి ఊరుబిండి, గుత్తివంకాయలో పొడి, చిత్రాన్నంలో తిరగవాత, పిల్లల జేబులో గుప్పెడు, ఇంటికి వచ్చిన చుట్టానికి చేటెడు, అన్నీ అవే. బుడ్డలు వద్దన్నవాళ్ళను ఊళ్ళో వింతగా చూస్తారు.

"పడదు" అనే మాటను మనం చాలావాటికి వాడుతాము. పాలు తాగితే కడుపు ఉబ్బినా పడదంటాము, వంకాయ తింటే దురద పెట్టినా పడదంటాము. పాపకు ఉన్నది అలాంటిది కాదు. రోగాలతో పోరాడవలసిన ఒంటిలోని శక్తి, వేరుశనగలోని మాంసకృత్తును చూసి శత్రువు వచ్చిందనుకొని ఒక్కసారిగా తిరగబడుతుంది. కొద్ది నిమిషాల్లోనే, లేదా గంట రెండు గంటల్లో, దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వస్తాయి. ముదిరితే ఊపిరి ఆడదు, రక్తపు ఒత్తిడి పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. ఎంత తిన్నారన్న లెక్క దీనికి లేదు. ఒక్క పలుకు చాలు.

పాపకు ఏడాది వయసులో ఊరుబిండి నాకించినప్పుడు మూతి చుట్టూ దద్దుర్లు లేచాయి. జేజి "వేడి చేసిందిలే" అన్నది. మేము మాత్రం ఆపేసి, వేలూరు తీసుకువెళ్ళి చర్మ పరీక్ష చేయించాము. నాలుగేళ్ళప్పుడు ఒక పెండ్లి ఇంట్లో ఎవరో ముద్దుచేస్తూ దాని చేతిలో బెల్లం ఉండ పెట్టారు. సగం తిన్నది. పావుగంటలో పెదవులు ఉబ్బి, కక్కుకొని, పిల్లికూతలు మొదలయ్యాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చేసరికి కళ్ళు తేలవేసింది. అక్కడ మొదట దద్దుర్ల మందు సూదికి సిద్ధం చేస్తుంటే, డాక్టరమ్మ పరుగున వచ్చి అడ్రినలిన్ తీయించి తొడ ప్రక్క కండరంలో ఇచ్చింది. కొన్ని నిమిషాల్లో పిల్ల ముఖానికి రంగు వచ్చింది. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చునని 108 లో పట్నానికి పంపి, ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచారు. దద్దుర్ల మందు దురదను తగ్గిస్తుందే గాని ఊపిరి ఆడనప్పుడు ఆదుకునేది అడ్రినలిన్ ఒక్కటేనని ఆ రోజు తెలిసింది. జేజి ఆ రోజు తర్వాత "వేడి" అన్న మాట ఎత్తలేదు.

ఇక వారం సంగతి.

సోమవారం. మా రోలు బుడ్డలకే అంకితం. రాతి గరుకులో ఇరుక్కున్నది ఎంత కడిగినా పోయిందని నమ్మలేము గనుక పాప పచ్చడి ఎప్పుడూ అందులో నూరము. కొబ్బరి, పుట్నాలు వేసి మిక్సీలో తిప్పుతాము. ఆ గిన్నెకు ఎర్రదారం కట్టి ఉంటుంది. నూనె మాత్రం ఇంటిల్లిపాదికీ పొద్దుతిరుగుడు నూనె. కంపెనీలో బాగా శుద్ధిచేసిన వేరుశనగ నూనెలో మాంసకృత్తు దాదాపు మిగలదు గాని, మన గానుగ నూనెలో ఉంటుంది. గానుగ నూనె వంటికి మంచిదని చెప్పేవారికి మేము ఎదురు చెప్పము. మా ఇంటికి మంచిది కాదు, అంతే.

మంగళవారం బడిలో చిక్కీ పంచారు. మన రాష్ట్రంలో 2020 జనవరిలో బడి భోజనంలో చిక్కీ చేర్చారు. ఎందరో పిల్లలకు అది మంచి బలం. మా ఒక్క పిల్ల కోసం ఆపమని అడగడం న్యాయం కాదని మాకు అనిపించింది. పంతులమ్మతో మాట్లాడి రెండే అడిగాము: చిక్కీ తిన్న పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పాపకు ఎవరూ ఏమీ పెట్టకూడదు. శానిటైజరు రాసుకుంటే చాలదు. అది క్రిములకు పనికివస్తుంది గాని వేరుశనగ జిడ్డును తీసివేయదు. సబ్బు, నీళ్ళే కావాలి. ఆ రోజు ప్రక్కన కూర్చునే స్నేహితురాలు తన చిక్కీలో సగం విరిచి ప్రేమగా ఇవ్వబోయిందట. "నాకు పడదు, నువ్వు తిని చేతులు కడుక్కో, తర్వాత ఆడుకుందాం" అన్నదట మా పాప. పంతులమ్మ సాయంత్రం చెప్పినప్పుడు మా ఇద్దరికీ మాట రాలేదు. ఆరేళ్ళ పిల్ల మిఠాయి వద్దనడమంటే మాటలా?

బుధవారం బాబు వంతు. అంగన్వాడీలో గుడ్డు వాడికి పెట్టరు. కార్యకర్త అక్క గోడమీద వాడి పేరు ప్రక్కన సున్నా గీసి కొట్టేసింది. గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి పెద్దయ్యేకొద్దీ అది పోతుందట. వేరుశనగ అంత తేలికగా పోదు, అయిదుగురిలో ఒకరికి పోతే పోయినట్టు. తట్టు టీకాకు గుడ్డుతో సంబంధముందని విని కొందరు భయపడుతున్నారు. గుడ్డు పడని పిల్లలకు కూడా ఆ టీకా వేయవచ్చునని డాక్టరమ్మ చెప్పింది. బాబుకు వేయించాము, ఏమీ కాలేదు.

అక్కకు వేరుశనగ ప్రాణాపాయమైతే తమ్ముడికి ఎందుకు పెడుతున్నారని చాలామంది అడుగుతారు. డాక్టరు చెప్పబట్టే పెడుతున్నాము. లండనులో 640 మంది పసిపిల్లలను అయిదేళ్ళవరకు గమనించి 2015 లో ఒక సంగతి తేల్చారు. గజ్జి లాంటి చర్మపు జబ్బు బాగా ఉన్నవాళ్ళు, గుడ్డు పడనివాళ్ళు వాళ్ళు. మొదటి ఏడాదిలోనే వేరుశనగ తినడం మొదలుపెట్టి మానకుండా తిన్నవారిలో ఈ జబ్బు 80 శాతానికి పైగా తగ్గిందట. అంతకుముందు ఇలాంటి పిల్లలకు వీలైనంత ఆలస్యంగా పెట్టాలని చెప్పేవారు. కాబట్టి బాబుకు ముందుగా పరీక్ష చేయించి, డాక్టరు ఎదుటే మొదటి చెంచా పెట్టాము. మెత్తగా నూరి, నీళ్ళలో పలుచగా కలిపి మాత్రమే పెడతాము. గింజ గింజగా పెడితే ఈ వయసులో గొంతుకు అడ్డుపడుతుంది. పాపకు పరీక్షలో తేలింది గనుక దానికి ఈ పద్ధతి వర్తించదు. ఇంట్లో ఎవరూ ప్రయత్నించి చూడకండి.

పెట్టడమూ ఇంట్లో కాదు. జేజి వాడిని చంకనెత్తుకొని ఎదురింటి అరుగు మీదికి పోయి, అక్కడ తినిపించి, మూతి, చేతులు సబ్బుతో కడిగి, చొక్కా మార్చి తీసుకొస్తుంది. వారానికి మూడుసార్లు. ఎదురింటివాళ్ళు మన సంఘం వారు కారు. అయినా గిన్నె, చెంచా, సబ్బు వాడికోసం విడిగా పెట్టారు.

గురువారం చేనికి వెళ్ళాము. వాసనకు సాధారణంగా ప్రమాదం రాదు, నోట్లోకి పోతేనే అన్నారు గనుక పాపను ఇంట్లో దాచి ఉంచము. అది వేపచెట్టు కింద కూర్చొని మేకపిల్లతో ఆడుకుంది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు కాయలు ఒలుస్తూ, పచ్చివి నములుతూ, దాన్ని దగ్గరికి పిలిచి మళ్ళీ వాళ్ళంతట వాళ్ళే "వద్దులే తల్లీ, ఆడనే ఉండు" అన్నారు.

శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. పొరుగూరినుంచి ఒక పెద్దమనిషి వాక్యం చెప్పడానికి వచ్చారు. కూడిక అయ్యాక పలహారం పెడుతూ, ఇందులో వేరుశనగ ఎందుకు లేదో మాటల్లో చెప్పాము. ఆయన పాపను దగ్గరికి తీసుకొని, తలమీద చేయివేసి, "ఇప్పుడే ప్రార్థన చేస్తాను. విశ్వాసముతో నాలుగు పలుకులు పెట్టండి, ఏమీ కాదు" అన్నారు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. పెద్దవారు, మా ఇంటి అతిథి, మంచి మనసుతోనే అన్నారు. ఇలాంటి మాటకు తలవంచి పిల్లలను పోగొట్టుకొనే ప్రమాదం ఎక్కడైనా ఉంది కాబట్టే ఇది వ్రాస్తున్నాము. "అయ్యా, ప్రార్థన చేయండి, మేమూ ఆమేన్ అంటాము. పలుకులు మాత్రం పెట్టము" అన్నాము. ఆయన ముఖం చిన్నబోయింది. అప్పుడు మన అయ్యగారు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకొని, "అన్నా, నేను ముప్పై ఏళ్ళుగా ఇవి పెట్టుకొనే బైబిలు చదువుతున్నాను. వీటిని అవతల పారేసి చదవమని దేవుడు నన్ను ఎప్పుడూ అడగలేదు" అన్నారు. నవ్వులతో ఆ మాట తేలిపోయింది. ఆ పెద్దమనిషీ నవ్వారు. ప్రార్థనా చేశారు.

అయితే పాప నవ్వలేదు. రాత్రి పడుకోబోతూ, "నాకు విశ్వాసం లేదని పడట్లేదా?" అని అడిగింది. ఆ ప్రశ్న మాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. నీ తప్పేమీ లేదనీ, ఒకరికి కన్ను సరిగా లేనట్టు, ఒకరికి కాలు సరిగా లేనట్టు ఇదీ ఒకటనీ చెప్పాము. "మరి నాకే ఎందుకు?" అన్నది. తెలియదమ్మా అన్నాము. తెలియనిదానికి కథలు అల్లి చెప్పడం మాకు ఇష్టం లేదు. జేజి లేచి వచ్చి దాని ప్రక్కన పడుకుంది.

శనివారం అంగడి. పొట్లం మీద పచ్చచుక్క ఉంటే నిశ్చింత అనుకుంటారు. ఆ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది. వేరుశనగా శాకాహారమే, పాలూ శాకాహారమే. 2020 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వేరుశనగ, గుడ్డు, పాలు, చేప, సోయా, గోధుమ వంటివి ఉంటే పొట్లం మీద విడిగా వ్రాయాలి. ఆ చిన్న అక్షరాలు చదవాలి. విడిగా అమ్మే కారాబూందీ, మిఠాయిలకు ఆ వ్రాతా ఉండదు కాబట్టి వాటి జోలికి వెళ్ళము. పేర్ల తికమక ఇంకొకటి. శనగపప్పు పాపకు పడుతుంది, వేరుశనగపప్పు పడదు. అంగట్లో రెండింటినీ "శనగ" అనేస్తారు. రెండుసార్లు అడిగి, కంటితో చూసి కొంటాము.

ఆ సాయంత్రమే మందుల డబ్బా తెరిచి తేదీలు చూసుకున్నాము. డబ్బాలో అడ్రినలిన్ ఆంపుళ్ళు రెండు, సిరంజిలు, డాక్టరమ్మ వ్రాసిచ్చిన కాగితం ఉంటాయి. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము లెక్క. పాప 18 కిలోలు, కాబట్టి ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే ఆంపుల్ నుంచి 0.18 మిల్లీలీటరు. నీళ్ళతో మా చేత పదిసార్లు చేయించి, ఆ తర్వాతే డబ్బా మా చేతికిచ్చింది. బరువు పెరిగినప్పుడల్లా కాగితం మార్పిస్తాము. సూది వేశాక పిల్లను లేపి నడిపించకూడదు, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి, ఊపిరి కష్టమైతే ఆనించి కూర్చోబెట్టాలి, వెంటనే 108 పిలవాలి. ఈ మందుకు ఎండ పడదు. బండి పెట్టెలో పెట్టి మరచిపోయేది కాదు. మీ పిల్లలకు ఇలాంటిదేమైనా ఉంటే మీ డాక్టరునే అడిగి మీ లెక్క వ్రాయించుకోండి. మా లెక్క మీకు పనికిరాదు.

ఆదివారం కోతల పండుగ. సంఘమంతటికీ చిత్రాన్నం. సంఘపు స్త్రీలు ముందే అనుకొని, తిరగవాతలో బుడ్డలు పడకముందే పాప వాటా వేరే గిన్నెలో తీసి మూత పెట్టారు. క్రొత్త గరిటె. జేజి ఆ గిన్నె ప్రక్కన పీట వేసుకొని, ఆరాధన అయ్యేవరకు కాపలా కూర్చుంది. అయ్యగారు ఆమెను లోపలికి రమ్మని కూడా పిలవలేదు. బాబుకు కేకు ఇవ్వబోయిన ఒక పిల్లవాడిని పాపే ఆపింది. "వాడికి గుడ్డు పడదు, నాకియ్యి" అని తానే తిన్నది, అందులో ఏమేమి వేశారో వాళ్ళమ్మను అడిగాకనే.

భోజనాలయ్యాక పొరుగూరి సంఘంనుంచి వచ్చిన ఒక చెల్లెలు, రెండేళ్ళ పిల్లవాడిని ఎత్తుకొని మా దగ్గర కూర్చుంది. ఆవుపాలు తాగినప్పుడల్లా వాడికి దద్దుర్లు, వాంతులట. గేదెపాలు పెట్టవచ్చా అని అడిగింది. ఆవుపాలలో ఉన్నలాంటి మాంసకృత్తులే గేదెపాలలో, మేకపాలలో కూడా ఉంటాయి కాబట్టి డాక్టరు చెప్పేవరకు వద్దన్నాము. ఏం తిన్నాడు, ఎన్ని నిమిషాలకు ఏమయింది, వ్రాసిపెట్టుకొని, దద్దుర్లు లేచినప్పుడు ఫోనులో ఫోటో తీసి డాక్టరుకు చూపించమన్నాము. అనుమానంతో అన్నీ మాన్పిస్తే పిల్లవాడు చిక్కిపోతాడు గనుక అలా చేయవద్దన్నాము.

ఆమె బస్సు నాలుగున్నరకు. ఊరికి పోయేవాళ్ళను వట్టి చేతులతో పంపడం జేజికి చేతకాదు. పంచిపెట్టగా మిగిలిన బుడ్డలు రెండు గుప్పిళ్ళు తీసి ఆమె కొంగులో పోయబోయి, చేయి ఆపి, "ఏమ్మా, మీ పిల్లోనికి బుడ్డలు పడతాయా?" అని అడిగింది.