శనివారం సాయంత్రం దాకా కదలని కార్లు

పోయిన శని, ఆదివారాల్లో చెన్నై నడిబొడ్డున కార్ల పందెం జరిగింది. తీవుత్తిడల్ అని ఇక్కడ అందరూ పిలిచే ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ, ఫ్లాగ్‌స్టాఫ్ రోడ్డు, అన్నా సాలై, శివానంద సాలై కలుపుకుని 3.5 కిలోమీటర్ల దారి, అందులో 19 మలుపులు. మన దేశంలో నగర వీధుల మీద రాత్రిపూట ఫార్ములా 4 కార్లు పరుగెత్తడం ఇదే మొదటిసారి. మన పిల్లల్లో చాలామంది రోజూ బస్సులో దాటే రోడ్లే ఇవి. చింతాద్రిపేట నుంచి, పార్క్ టౌన్ నుంచి వచ్చే పిల్లలకైతే ఇంటి పక్క సంగతి.

సోమవారం బడికి వచ్చేసరికి తరగతిలో అదే మాట. ఎవరు గెలిచారు, ఎంత వేగం, నాగచైతన్య జట్టు ఏ స్థానంలో వచ్చింది. (హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ ఆయన జట్టు కాబట్టి మన పిల్లలకు ఆ ఒక్క జట్టే సొంతం.) పోటీ మధ్యలో దారిలోకి వచ్చిన కుక్క గురించి నవ్వులు. ఇంతలో వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, “మరి శనివారం సాయంత్రం దాకా కార్లు ఎందుకు కదల్లేదు టీచర్?” అని అడిగాడు. వాళ్ల నాన్న పారిశుద్ధ్య పని చేస్తారు. ఆ రెండు రోజులూ ఆ దారి పక్కనే ఉన్నారట. రోజంతా అన్నీ సిద్ధంగా ఉన్నా కార్లు ఆగిపోయి ఉండటం ఆయన చూశారు, ఇంటికొచ్చి కొడుకుతో చెప్పారు.

ఆ రెండు రోజుల్లో అడగవలసిన ప్రశ్న ఏదైనా ఉంటే అది ఇదేనని మాకనిపించింది. పత్రికల్లో, టీవీల్లో ఎక్కువ చోటు ఆదివారం నాటి పరుగుకే దక్కింది. మన ఇళ్లకూ బడులకూ పనికొచ్చే సంగతులు మాత్రం శనివారంలోనే ఉన్నాయి.

రేసింగ్ వారాంతం ఒక్క పరుగుతో అయ్యేది కాదు. మొదట ప్రాక్టీసు. డ్రైవరు ఆ దారిని తెలుసుకునే సమయం అది. ఏ మలుపు ముందు ఎక్కడ బ్రేకు నొక్కాలి, ఎక్కడ రోడ్డు ఎత్తుపల్లాలుగా ఉంది, టైరు ఎంత పట్టు ఇస్తోంది, ఇవన్నీ అప్పుడే తేలాలి. మామూలు రేసు ట్రాకు కన్నా వీధి దారిలో ఇది మరీ అవసరం. నిన్నటిదాకా బస్సులు, ఆటోలు తిరిగిన రోడ్డు మీద దుమ్ము ఉంటుంది, కారిన నూనె ఉంటుంది, గీసిన తెల్ల రంగు ఉంటుంది. కార్లు తిరిగేకొద్దీ టైర్ల రబ్బరు రోడ్డుకు అంటుకుని పట్టు పెరుగుతుంది. అందుకే మొదటి చుట్టులో పనికొచ్చిన లెక్క ఇరవయ్యో చుట్టుకు పనికిరాదు. పైగా ఇక్కడ రాత్రి, విద్యుద్దీపాల వెలుగు. రెండు పక్కలా గోడలు. పొరపాటు జరిగితే పక్కకు జారి ఆగడానికి మట్టి నేల కూడా లేదు.

ప్రాక్టీసు తర్వాత క్వాలిఫయింగ్. ఇందులో ఎవరినీ దాటనక్కరలేదు, గడియారంతోనే పోటీ. ఇచ్చిన నిమిషాల్లో ఎవరు ఒక్క చుట్టును అందరికన్నా తక్కువ సమయంలో పూర్తి చేస్తారో వాళ్లు అసలు పోటీలో ముందు వరుసలో నిలబడతారు. ఆ మొదటి చోటును పోల్ పొజిషన్ అంటారు. ఫార్ములా 1 లో దీన్ని మూడు దశలుగా నడుపుతారు. 2024లో అవి 18 నిమిషాలు, 15 నిమిషాలు, 12 నిమిషాలు. అప్పుడు మొదటి రెండు దశల్లో అయిదుగురు చొప్పున వెనకబడి, ఇరవై మందిలో చివరకు పదిమంది మిగిలేవారు. ఇరుకు వీధుల్లో ముందున్న కారును దాటడం కష్టం కాబట్టి, అక్కడ క్వాలిఫయింగ్‌లో దక్కిన చోటే సగం ఫలితం.

గణితం చెప్పే ఉపాధ్యాయులకు ఇక్కడొక మంచి లెక్క దొరుకుతుంది. 3.5 కిలోమీటర్ల చుట్టును ఒక కారు 1 నిమిషం 45 సెకన్లలో పూర్తి చేసిందనుకుందాం. సగటు వేగం గంటకు సరిగ్గా 120 కిలోమీటర్లు. సెకనుకు 33 మీటర్ల పైచిలుకు. అంటే సెకనులో పదో వంతు తేడా వస్తే దారి మీద మూడు మీటర్లకు మించిన ఎడం. ఎనిమిదో తరగతి పిల్లలు బోర్డు మీద దీన్ని అయిదు నిమిషాల్లో చేసేశారు. వేగం, కాలం, దూరం పాఠం చెప్పడానికి పాఠ్యపుస్తకంలోని రైలు లెక్కలకన్నా ఇదే సులువైందని ఒప్పుకోవాలి.

ఇక శనివారం ఏమైందో చూద్దాం. ఈ పోటీ అసలు 2023 డిసెంబరు 9, 10 తేదీల్లో జరగవలసింది. అంతకు ముందే మిచౌంగ్ తుపాను వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటే లోపు చెన్నైని ముంచేసింది. మన బడులు దాదాపు వారం మూతపడటం తల్లిదండ్రులు మరిచిపోయి ఉండరు. పోటీ వాయిదా పడింది. జనరల్ ఆసుపత్రికి దగ్గరలో ఈ శబ్దం, ఈ ట్రాఫిక్ మళ్లింపులు ఏమిటని, ప్రజల సొమ్ము ఇందులో ఎందుకని కొందరు హైకోర్టుకు వెళ్లారు. 2024 ఫిబ్రవరిలో కోర్టు షరతులతో అనుమతి ఇచ్చింది. మళ్లీ పోటీ దగ్గర పడ్డాక, ఆగస్టు 29న, ఆపడానికి నిరాకరిస్తూనే ఒక మెలిక పెట్టింది. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య, అంటే ఎఫ్‌ఐఏ, ఈ దారిని పరిశీలించి ధ్రువపత్రం ఇవ్వాలి. అది శనివారం మధ్యాహ్నం 12 గంటలలోగా చేతికి రావాలి.

పన్నెండు అయింది, పత్రం రాలేదు. వాన కూడా పనులకు అడ్డుపడింది. ప్రభుత్వం మళ్లీ కోర్టు తలుపు తట్టి గడువు పెంచుకుంది. సాయంత్రానికి గాని అనుమతి రాలేదు, చీకటి పడ్డాక గాని కార్లు కదల్లేదు. ఆ రోజుకు ప్రాక్టీసే మిగిలింది. క్వాలిఫయింగ్ ఆదివారానికి జరిగింది, అసలు పోటీలు కూడా ఆదివారమే.

టికెట్లు కొన్నవాళ్లు విసుక్కున్నారు. విసుక్కోవడంలో తప్పులేదు. అయినా ఒక్కసారి ఆలోచించండి. మంత్రి వచ్చి ఉన్నారు, జనం వచ్చి ఉన్నారు, వేరే దేశాల నుంచి డ్రైవర్లు వచ్చి ఉన్నారు, కోట్లు ఖర్చయ్యాయి. అయినా కాగితం చేతికి వచ్చేదాకా ఒక్క కారు కదలలేదు. మన ఊళ్లో ఏ పనికైనా ఇది మామూలుగా జరిగే సంగతేనా? గోడలు సరిగ్గా బిగించారా, వాటి మీద కంచె ఉందా, మార్షల్స్ తమ తమ చోట్ల ఉన్నారా, వైద్యులూ అంబులెన్సూ సిద్ధమా, ఇవన్నీ చూసి సంతకం పెట్టేదాకా అందరూ ఆగారు. ఆ రెండు రోజుల్లో మాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఆగడమే.

ఆగకపోతే, తొందరపడితే ఏమవుతుందో హైదరాబాదులో చూశాం. 2022 నవంబరు 19, 20 తేదీల్లో ఇదే ఇండియన్ రేసింగ్ లీగ్ హుస్సేన్‌సాగర్ పక్కన మొదలైంది. ప్రమాదాలతో, ఆలస్యాలతో సమయం కరిగిపోయి, వెలుతురు తగ్గి, లీగ్ పోటీ జరగకుండానే ఆ వారాంతం ముగిసింది. అక్కడే 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ పోటీ మాత్రం సక్రమంగా జరిగింది, ఫ్రెంచి డ్రైవరు జ్యాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు. కుక్క సంగతికొస్తే, మన చెన్నైని చూసి ఎవరూ నవ్వక్కరలేదు. 2011లో ఢిల్లీ దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో మన దేశపు మొదటి ఫార్ములా 1 వారాంతంలో మొట్టమొదటి ప్రాక్టీసునే ఒక కుక్క ఆపింది. అందుకే మొదట ప్రాక్టీసు పెడతారు. ఎక్కడ కంచె తెగిందో కుక్కకు ముందు తెలుస్తుంది.

మద్రాసుకు ఈ ఆట కొత్తదేమీ కాదు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. రెడ్‌హిల్స్ అవతల షోలవరంలో యుద్ధకాలపు విమానాల దారి మీద పందాలు జరిగేవి. నెల్లూరు రోడ్డు మీద వచ్చిపోయే మన పెద్దల్లో కొందరికైనా అవి గుర్తుండే ఉంటాయి. తర్వాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వతమైన ట్రాకు వచ్చింది. అటు కోయంబత్తూరులో, తెలుగు మాట్లాడే నాయుళ్ల మిల్లు కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ తక్కువ ఖర్చుతో రేసు కార్లు తయారుచేసి ఒక తరం డ్రైవర్లకు దారి చూపారు. ఆ కోయంబత్తూరు నుంచే నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా 1 లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడయ్యాడు. వీళ్లంతా వేగం నేర్చుకున్నది వాహనాలు తిరగని ట్రాకుల మీద.

మా భయం ఇక్కడే మొదలవుతుంది. వీధి పందెం అనే మాట పిల్లల చెవిలో ఒకలాగా, పెద్దల చెవిలో ఇంకొకలాగా పడుతుంది. మెరీనా పక్కన, ఈసీఆర్ మీద రాత్రిళ్లు బైకు పందాలు, ఆసుపత్రుల్లో చేరే కుర్రవాళ్లు, ఈ వార్తలు చెన్నైలో మనకు కొత్త కాదు. తొమ్మిదో తరగతి పిల్లవాడు నాన్న బండి తాళం తీసుకుని పాలకో, ట్యూషన్‌కో వెళ్లడం చాలా ఇళ్లలో చిన్న విషయం. ఒకసారి బడి గేటు బయట ఇలాంటి బండి చూసి మేము తల్లిని పిలిపించాం. “వాడు బాగానే నడుపుతాడు టీచర్, ఇక్కడే గదా” అన్నారు ఆవిడ. ఆ ఇంట్లో తండ్రికి రాత్రి పని. పగలు సరుకులు తేవాలన్నా, చెల్లెల్ని దిగబెట్టాలన్నా ఇంకెవరూ లేరు. ఆవిడ మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఎ సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి గాని, బండి యజమానికి గాని మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. రాత్రి డ్యూటీ చేసి కుటుంబాన్ని నడిపే మనిషికి 25 వేలంటే ఎంతో, సంవత్సరం పాటు బండి లేకపోతే పని ఏమవుతుందో మన తల్లిదండ్రులకు మేము చెప్పనక్కరలేదు. ఈ సెక్షన్ సంగతి ఎందరికి తెలుసని పోయిన నెల పేరెంట్స్ మీటింగులో అడిగితే ఇద్దరు చేతులెత్తారు.

ఫార్ములా 4 లో పదిహేనేళ్లకే పోటీకి దిగవచ్చు. ఈ ముక్క పిల్లలకు తెలుసు, మా తరగతిలో మాతో వాదనకు కూడా దిగారు. “పదిహేనేళ్ల వాడు అంత వేగంగా నడపొచ్చుగానీ నేను స్కూటీ నడపకూడదా?” అని. అడిగినవాడికి శనివారాన్నే జవాబుగా చెప్పాం. ఆ పదిహేనేళ్ల పిల్లవాడికి ఏళ్ల తరబడి కార్టింగ్ శిక్షణ ఉంటుంది, సమాఖ్య ఇచ్చిన లైసెన్సు ఉంటుంది. నిప్పంటుకోని దుస్తులు, హెల్మెట్, భుజాలనూ నడుమునూ బిగించే బెల్టులు, తలకు పైన హేలో అనే లోహపు కవచం. ఎదురుగా లారీ రాదు. మలుపు మలుపుకూ జెండా పట్టుకున్న మనిషి. పసుపు జెండా ఊపితే వేగం తగ్గించాలి, ఎర్ర జెండా ఊపితే అందరూ ఆపాలి. ఇంత ఉన్నా, శనివారం కాగితం వచ్చేదాకా వాణ్ణి కూడా కదలనివ్వలేదు. అన్నా సాలై మీద నీ స్కూటీకి ఇందులో ఏది ఉంది? గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను ఆలస్యంగా బ్రేకు నొక్కితే ఆ సెకనులోనే బండి పదహారు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. ఇదీ బోర్డు మీదే చేయించాం. తర్వాత తరగతి గది పొడవు కొలిపించాం. ఆ దూరంలో సగం కూడా లేదు.

డబ్బు సంగతి మేము దాటవేయడం లేదు. ఈ పోటీకి ప్రభుత్వ ఖర్చు 42 కోట్ల రూపాయలన్న మాట కోర్టులో నడిచింది. రేసింగ్ డ్రైవరు కావడానికి లక్షలు కావాలి, మన బడుల పిల్లల్లో ఎవరికీ ఆ దారి దగ్గరలో లేదు. ఈ పోటీని నిర్వహించినవాళ్లలో తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ ఉంది. బడిపిల్లల కోసం ముఖ్యమంత్రి ట్రోఫీ పోటీలు పెట్టేదీ అదే. దానికి మన తెలుగు బడుల నుంచి ఎన్ని పేర్లు నమోదవుతున్నాయో ప్రతి బడిలో ఒకసారి లెక్క చూసుకుంటే మంచిది. కబడ్డీ ఆడే పిల్లలు మనకు తక్కువ కాదు, తక్కువైంది మైదానం. రేసింగ్ మీద మనసు పడిన పిల్లలుంటే వాళ్లకు స్టీరింగ్ ఒక్కటే చూపించనక్కరలేదు. మార్షల్స్‌లో ఎక్కువమంది క్లబ్బుల దగ్గర శిక్షణ తీసుకున్న స్వచ్ఛంద కార్యకర్తలు. టైర్లు మార్చేవాళ్లు, ఇంజను లెక్కలు చూసేవాళ్లు, సమయం కొలిచేవాళ్లు అందరూ ఆ వారాంతానికి కావాలి. ఐటీఐ, డిప్లొమా వైపు వెళ్లే మన పిల్లలకు ఆ పనులు అందనివి కావు. అందుకు తమిళం, ఇంగ్లీషు రెండూ గట్టిగా రావాలన్న మాట కూడా వాళ్లకు ఇప్పుడే చెప్పాలి. ‘బ్రేకు ఎక్కడ నొక్కాలి, ఎందుకు’ అన్నది ముందు తెలుగులో విడమరిచి చెప్పగలిగినవాడికి మిగిలిన రెండు భాషల్లో చెప్పడం కష్టం కాదని మా అనుభవం.

ఈ నెలలోనే త్రైమాసిక పరీక్షలు. అవి అయిన వెంటనే పేరెంట్స్ మీటింగు పెడుతున్నాం. మార్కుల జాబితాతో పాటు 199ఎ సెక్షన్‌ను తెలుగులో ఒక పేజీగా రాసి అందరికీ ఇస్తాం. ఆ పేజీ రాసే పని వెనక బెంచీ అబ్బాయికే అప్పగించాం. నాన్నను అడిగి, ఎర్ర జెండా ఎక్కడెక్కడ చూశారో కూడా అందులో రాస్తానన్నాడు.