ముఖాముఖిగా



వ్రాయవలసిన సంగతులు ఎన్నియున్నను, వచ్చి ఎదుట కూర్చుండి మాటలాడుటయే యోహాను కోరిక. ఆయన రెండవ పత్రిక చివర చూడుడి. మా సంఘములో ఒక తండ్రి ప్రభువునందు నిద్రించినప్పుడు, కువైట్‌లో ఇంటిపని చేయు కుమార్తె సమాధి కార్యక్రమమునకు రాలేకపోయెను. జ్ఞాపకార్థ కూడికనైనను ఆమె చూడవలెనని, మనుమడి చదువు కొరకు కొన్న కంప్యూటరులో జూమ్ పెట్టుటకు మమ్మును పిలిచిరి. 2020 లాక్‌డౌన్ దినములలో ఫోనుమీద ఆరాధన నడిపితిమి గనుక మాకు అన్నియు తెలియునని వారి నమ్మకము. కంప్యూటరులో మాకును అదే మొదలు.

వెతకగానే పైన వచ్చినది ఒక ప్రకటన. పేరు అటువంటిదే, చిరునామా వేరు. కుర్రవాడు నొక్కబోవుచుండగా ఆపితిమి. అటువంటి చోట దించుకొనినచో కంప్యూటరు పరుల చేతికి పోవచ్చును. జూమ్ డాట్ యుఎస్ అని మనమే టైపు చేయుట క్షేమము. అది జూమ్ వర్క్‌ప్లేస్ అను పేరుతో వచ్చును. పెట్టుకొనుటకు డబ్బు అక్కరలేదు. ఎవరైనను ఫోను చేసి, మేమే పెట్టెదము, ఓటీపీ చెప్పుడి అనినచో వెంటనే ఫోను పెట్టివేయుడి.

కంప్యూటరునకు కెమెరా లేనందున ఒకటి కొని తగిలించితిమి. బొమ్మ వచ్చెను గాని మాట పోలేదు. అరగంట తికమకపడిన పిమ్మట చూడగా, సెట్టింగులలో ఆడియో వద్ద వేరొక మైకు ఎంపికై యున్నది! కెమెరా మైకును ఎంచి, అక్కడే యున్న టెస్ట్ మీట నొక్కగా మా గొంతు మాకు వినబడెను. ఈ పని ముందు రోజే చేసికొనుడి. పాస్‌వర్డు, వెయిటింగ్ రూమ్ కూడ పెట్టుడి. 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ ఇచ్చిన సూచనలలో ఇవి యున్నవి. పిలువని వారు లోనికి రాలేరు.

ఇక మా తప్పు. ఉచిత ఖాతాలో కూడిక 40 నిమిషములకే ఆగిపోవును. ఇది మాకు తెలియును. మనకు రాత్రి 7 గంటలు, అక్కడ సాయంత్రము 4:30. యజమానురాలు ముప్పావుగంట విడిచెను. పాటలు, ప్రార్థన అయిన పిమ్మట మా వర్తమానము 25 నిమిషములు సాగెను. మనుమడు రెండుసార్లు గడియారము చూపెను. మేము ఇంకను ముగింపు మాటలలోనే యుంటిమి. కుమార్తె "మా నాన్న..." అని మొదలుపెట్టి రెండు మాటలు పలుకకమునుపే కూడిక తెగిపోయెను. కొత్త లింకు పంపులోగా ఆమెను పనిలోనికి పిలిచిరి.

తల్లి మమ్మును ఏమియు అనలేదు. "దేవుని వాక్యమే కదా అయ్యగారూ" అనెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తరువాతి శుక్రవారము మరల వెళ్లితిమి. ఈసారి వర్తమానము లేదు. లింకు తెరచి, తల్లిని కెమెరా యెదుట కూర్చుండబెట్టి, మేము వసారాలోనికి వచ్చితిమి. "తిన్నావా అమ్మా?" అను మాటవరకు మాకు వినబడెను.