దెబ్బకంటె దాపరికమే ముప్పు

2025 ఏప్రిల్ 18వ తేదీన బెంగుళూరు విమానాశ్రయమున, ఇంజను మరమ్మతునకై నిలిపియుంచిన ఇండిగో విమానము క్రిందికి ఒక టెంపో ట్రావెలరు దూసికొనిపోయినది. 2022 ఆగస్టులో ఢిల్లీయందు గో ఫస్టు వారి మోటారుకారు ఇండిగో విమానము ముక్కు క్రిందికి పోగా, ప్రమాదము వెంట్రుకవాసిలో తప్పినది. 2015 డిసెంబరు 22వ తేదీ తెల్లవారుజామున కలకత్తాలో జెట్ ఎయిర్‌వేస్ బస్సు, నిలిచియున్న ఎయిర్ ఇండియా విమానమును గ్రుద్దినది. ఇట్టి వార్త వచ్చినప్పుడెల్ల మూడు ప్రశ్నలు వినవచ్చుచుండును. డ్రైవరు త్రాగెనా? నిద్రించెనా? వానిని పనినుండి తొలగించిరా? వీనికి జవాబు దొరకగనే లోకము తృప్తిపడుచున్నది.

మేము నాలుగవ ప్రశ్న వేయుచున్నాము. పై మూడును పదిమంది కన్నులయెదుట జరిగినవి. అర్ధరాత్రివేళ సామానుల బండి మూల విమానపు ప్రక్కను రాచికొనిపోయినప్పుడు, చూచినవాడు ఆ బండివాడొక్కడే యైనచో, ఆ మాట ఇంజనీరు చెవికి చేరునా?

చేరనినాడు ఏమగునో అమెరికా చూచినది. 2005 డిసెంబరు 26వ తేదీన సియాటిల్ నుండి బర్బ్యాంకుకు బయలుదేరిన అలాస్కా ఎయిర్‌లైన్సు విమానమును అంతకుముందే నేలపై ఒక బండి తాకియుండెను. తాకించినవాడు ఎవరికిని చెప్పలేదు. విమానము సుమారు 26,000 అడుగుల ఎత్తున నుండగా దెబ్బతిన్న రేకు చినిగి, అడుగు పొడవు, అరయడుగు వెడల్పు గల రంధ్రమేర్పడినది. లోపలి గాలి వెలికి పోయినది. పైలట్లు విమానమును వెంటనే క్రిందికి దించి సియాటిల్‌కు మరల్చుటచే ప్రయాణికులు బ్రదికిరి. ఆ సంవత్సరము మే నెలలోనే ఆ కంపెనీ తన సొంత నేలపనివారిని తొలగించి, ఆ పనిని బయటివారికి కాంట్రాక్టునకు ఇచ్చియుండెనని పాఠకులు గమనింతురుగాక.

మీద ఎగురునపుడు లోపలి గాలి విమానపు గోడను చదరపు అడుగునకు సుమారు అర టన్ను బలముతో వెలికి నెట్టుచుండును. నేలమీద గీతవలె కనబడినది ఆకాశమున చినుగగలదు. క్రొత్త విమానములయందు ఈ చిక్కు ఇంకను హెచ్చు. బోయింగు 787 నిర్మాణపు బరువులో సగము లోహము కాదు. పొరలు పొరలుగా అంటించిన కార్బను నారపదార్థము మొదలగునవి. దెబ్బ తగిలినచోట పైరంగు చెక్కుచెదరకుండగనే లోపలి పొరలు విడిపోవచ్చును. అచట ఇంజనీరు కంటికంటె బండివాని నోరే మొదటి సాక్ష్యము. ఆ నోటిని మూయించుట ఎంతటి అవివేకము!

శిక్షవలన భయమును, భయమువలన జాగ్రత్తయు కలుగునని కొందరు పెద్దలు వాదింతురు. త్రాగి బండి నడిపినవానిని, తెలిసి దాచినవానిని శిక్షింపవలసినదే. అందు మాకు భిన్నాభిప్రాయము లేదు. కాని పొరపాటున తాకించి, వెంటనే వచ్చి చెప్పినవానిని గూడ అదే త్రాట కట్టుట న్యాయము కాదు, క్షేమమును కాదు. చెప్పినను ఉద్యోగము పోవును, దొరకినను ఉద్యోగము పోవును. చెప్పక దొరకకున్న మాత్రము నిలుచును. ఇట్టి లెక్క యజమానులే పెట్టి, కూలివాడు తప్పుగా కూడెనని నిందింతురా? 2024 జులైలో బొంబాయి విమానాశ్రయపు సుమారు 2,200 కొలువులకై వేలాది యువకులు త్రొక్కిసలాడిరి. అట్టి కొలువు దొరకినవాడు దానిని ఎంత భయముతో పట్టుకొని వ్రేలాడునో చెప్పనేల?

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ యని మన సామెత. విశ్రాంతి చాలని డ్యూటీలు వేసినవాడు, పాత బండ్లను మార్చనివాడు, విమానము తొందరగా వదలవలెనని తరిమినవాడు లెక్కకు రారు. చక్రము త్రిప్పినవాడొక్కడే ముద్దాయి!

ధనము మిగిల్చితిమని యజమానులు పలుకుదురేమో. నేలమీది దెబ్బల వ్యయము 2035 నాటికి ఏటేట దాదాపు 1,000 కోట్ల డాలర్లకు పెరుగవచ్చునని అంతర్జాతీయ విమాన రవాణా సంఘమే 2022లో అంచనా వేసినది. విమానమును సమీపించినంతనే వేగము తగ్గించు యంత్రపుకన్ను గల బండ్లను వాడుడని ఆ సంఘమే కోరినది.

1934 నాటి విమాన చట్టము పోయి, 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన అధినియమము అమలునకు వచ్చినది. పేరు స్వదేశమైనది, సంతోషము. నీతియు స్వదేశీయుల ప్రాణములను కాచునది కావలెను. దెబ్బను వెంటనే తెలిపినవానికి రక్షణ కలదను మాట ఆంగ్ల నిబంధనల అడుగున పడియుండరాదు. శంషాబాదు మరమ్మతుశాలల యొద్ద తెలుగులోను, బెంగుళూరున కన్నడములోను గోడపై వ్రాయవలెను. ప్రతి కాంట్రాక్టులో షరతుగా చేర్పవలెను. పనిగంటలకు హద్దు విధింపవలెను. దాచిన కూలివానితోపాటు, దాచునట్లు చేసిన కంపెనీయు సంజాయిషీ చెప్పుకొనవలెను.

టిక్కెట్టు కొని విమానమెక్కువాడు పైలటును నమ్మి ఎక్కుచున్నాననుకొనును. నిజమునకు, ఊరు పేరు తెలియని ఒక కూలివాని సత్యవాక్యమును గూడ నమ్మియే ఎక్కుచున్నాడు. ఆ సత్యము పలికినవాని కూడు తీయకుండుట ప్రభుత్వము యొక్కయు, కంపెనీల యొక్కయు విధి.